ఇరవై ఎనిమిది పళ్ళ పిల్ల

పళ్ళాసుపత్రి నేలమాళిగలో, మెట్లు దిగగానే ఎడమచేతి వైపు, ఎక్స్‌రే గది. ఆ గదిని ఏలుతున్న ఆవిడని ఆసుపత్రి మొత్తం కదలకమ్మ అంటుంది. కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఆమెకి వేరే ఉంది గాని, హాజరు పుస్తకంలో తప్ప దాంతో ఎవరికీ పని పడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ, పాలబుగ్గల పిల్లకైనా సరే, బుర్రమీసాల మామయ్యకైనా సరే, ఆమె చెప్పేది ఒకటే మాట. "కదలకమ్మా." ఆ మాటకి మామయ్యలు కూడా కిక్కురుమనకుండా నిలబడేవాళ్ళు.

నిలబడక తప్పదు. గడ్డం చిన్న పీట మీద ఆనించి, ముందు పళ్ళతో ఒక ప్లాస్టిక్ పుల్లని కరిచిపట్టుకుంటే, మిషన్ చెయ్యి తల చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరుగుతుంది. పద్నాలుగు సెకన్లు. ఆ పద్నాలుగు సెకన్లలో మింగినా, దగ్గినా, మేనత్త గుర్తొచ్చి నవ్వొచ్చినా బొమ్మ పాడైపోతుంది. కదలకుండా ఉంటే మాత్రం రెండు దవడలూ ఈ చెవి నుంచి ఆ చెవి దాకా చాప పరిచినట్టు తెర మీద పరుచుకుంటాయి. పైకి వచ్చిన పళ్ళూ, ఇంకా ఎముకలోనే పడుకున్న పళ్ళూ, వాటి వేళ్ళూ అన్నీ కనిపిస్తాయి.

కదలకమ్మకి తన బొమ్మల మీద పొగరుంది. ఉండాల్సినంత ఉంది. కానీ బొమ్మలో ఏముందో చెప్పడం ఆమె పని కాదు. అది పైఅంతస్తులో డాక్టర్ల పని. "ఏముందమ్మా నా దవడలో?" అని ఎవరైనా బతిమాలితే, "పైన చెప్తారు" అనేది, అంతే. ఇన్నేళ్ళలో వేల దవడలు చూసిన మనిషి, వాటి గురించి నోటికి తాళం వేసుకుని కూర్చుంది. ఇలాంటి తాళాలు మన ఆఫీసుల్లో చాలా ఉన్నాయి. తాళంచెవి ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తుండదు.

ఆ సోమవారం పొద్దున ఒక తల్లీ కూతురూ వచ్చారు. పిల్ల గుమ్మంలో తల వంచి మరీ లోపలికి వచ్చింది, అంత పొడుగు. చిలక్కొయ్యలాంటి భుజాలు, పొడవాటి కాళ్ళు, మడమ దగ్గర ఒకే వైపు అరిగిపోయిన బూట్లు. తల్లి ఆ పిల్ల భుజం దాకా కూడా రాదు. ఒక పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లకి ఇస్త్రీ చేస్తుంది. మోచేతుల కింద ఆవిరి తగిలిన మచ్చలు వరసగా ఉన్నాయి.

వాళ్ళు తెచ్చిన కాగితం క్రీడాసంఘం పంపింది. అందులో విషయం ఇది. ఈ పిల్ల నడక పందేలు నడుస్తుంది. పరుగు కాదు, నడక. ఎప్పుడూ ఏదో ఒక కాలు నేలని అంటిపెట్టుకునే ఉండాలి, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు, అయినా మామూలు మనిషి పరిగెత్తినా అందనంత వేగంగా పోవాలి. పిల్ల గత రెండు పందేల్లోనూ రెండో స్థానం వచ్చిన అమ్మాయికి అర చుట్టు ముందుగా ముగించేసింది. అది చూసి ఎవరో శిక్షకుడు అర్జీ పెట్టాడు, పదహారేళ్ళ పిల్ల ఇలా నడవదు, పద్దెనిమిది దాటి ఉంటుంది, వయసు దాచి చిన్నపిల్లల పందెంలో దూరింది అని.

పుట్టినతేదీ కాగితం ఉంది. కానీ అది అసలుది కాదు. పిల్లకి మూడేళ్ళప్పుడు వరదొచ్చి ఆ ఊరి రిజిస్టర్లన్నీ నాని ముద్దయిపోయాయి, పుట్టిన ప్రసూతి గదీ మూతపడింది. తర్వాత తల్లి చెప్పిన తేదీ మీద కొత్త కాగితం రాసిచ్చారు. తల్లి మాట తప్ప దానికి వేరే ఆధారం లేదు. అందుకని సంఘం వాళ్ళు పన్ను చూసి వయసు తేల్చమన్నారు. శనివారం పెద్ద పందెం. శుక్రవారం సాయంత్రం ఐదింటికి పేర్ల జాబితా మూసేస్తారు. పద్దెనిమిది దాటిందని తేలితే ఆ జాబితాలో పేరు కొట్టేస్తారు, అంతకుముందు గెలిచిన రెండు పతకాలూ వెనక్కి తీసుకుంటారు, పైగా 'వయసు దాచిన మనిషి' అనే ముద్ర వేస్తారు.

"నేను కన్నాను. నాకు తెలియదా?" అంది తల్లి, ఎవరూ అడక్కుండానే.

కదలకమ్మ సీసపు ఆప్రాన్ పిల్ల మెడకి తగిలించి, గడ్డం పీటని ఎత్తగలిగినంత ఎత్తుకి ఎత్తింది. అయినా పిల్ల మోకాళ్ళు కొంచెం వంచాల్సి వచ్చింది.

"ఇంత నడక ఎక్కడ నేర్చుకున్నావు తల్లీ?" అంది ఊరికే మాట కలుపుతూ.

"అమ్మకి మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళేదాన్ని ఆంటీ, లాండ్రీకి. అరగంటే టైమిచ్చేవాళ్ళు. పరిగెడితే డబ్బాలో కూర ఒలికిపోయేది. అందుకని గబగబా నడిచేదాన్ని."

"సరే. ఇప్పుడు మాత్రం కదలకమ్మా."

మిషన్ చెయ్యి తిరిగింది. పిల్ల రెప్ప కూడా వేయలేదు. చెయ్యి ఆగాక, నోట్లో పుల్ల అలాగే పెట్టుకుని, "కదలొచ్చా?" అని ముక్కుతో అడిగింది. అలా అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. మిగతావాళ్ళంతా తీగ తెగినట్టు విడిపించుకుని పోతారు. కదలకమ్మకి నవ్వొచ్చింది. బొమ్మ అద్దంలా వచ్చింది. పైకి పంపేసింది.

పైన పెద్ద డాక్టరు ఉన్నాడు. కుర్రవాళ్ళ వయసు తేల్చాల్సిన కాగితం ఎక్కడ పుట్టినా, కోర్టు అయినా, బడి అయినా, ఆటల సంఘం అయినా, చివరికి ఆయన బల్ల మీదే వాలుతుంది. చెడ్డవాడు కాదు. చేతిలో పనెక్కువ, అంతే. ఆయన పద్ధతి ఆసుపత్రిలో చిన్నా పెద్దా అందరికీ కంఠతా వచ్చు. పళ్ళన్నింటిలోకీ ఆఖర్న వచ్చేది జ్ఞానదంతం. మిగతా పళ్ళ వేళ్ళు పదిహేను, పదహారేళ్ళకి పెరగడం ఆపేస్తాయి, ఇదొక్కటే తీరిగ్గా ఎదుగుతూ ఉంటుంది. ఎదుగుతున్నంతకాలం వేరు కొస గరాటు మూతిలా తెరుచుకుని ఉంటుంది. ఎదగడం అయిపోయాక మూసుకుపోతుంది. అది మూసుకుందంటే పద్దెనిమిది దాటినట్టేనని సంఘాల లెక్క. పళ్ళు కేలండరు చూసుకుని పెరగవనీ, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అవుతాయనీ డాక్టరుకీ తెలుసు, కాకపోతే కాగితానికి ఏదో ఒక గీత కావాలి.

జ్ఞానదంతం ఎప్పుడూ వరసలో ఆఖరిదే కదా, అందుకని ఆయన వెనకనుంచి చూస్తాడు. "వెనకనుంచి మొదటిది. కొస మూసుకుందా? అయిపోయింది." అర నిమిషం పని. పై దవడ అసలు చూడడు, అక్కడ ఎముకలు ఒకదాని మీద ఒకటి పడి మసకగా ఉంటుంది. కింది దవడ చాలు. ఈ పిల్ల బొమ్మలోనూ అలాగే చూశాడు. వెనక మూడు పెద్ద దవడపళ్ళు, ఆఖరిదాని కొస గట్టిగా మూసుకుని ఉంది. 'జ్ఞానదంతం పూర్తయినది, పద్దెనిమిది దాటినది' అని రాసి సంతకం పెట్టాడు. చిన్న డాక్టరు మళ్ళీ చూసి, తనకీ మూడు దవడపళ్ళు కనిపించాయి కాబట్టి, పక్కన తన సంతకం కూడా గీకేశాడు.

బుధవారం మధ్యాహ్నం ఆ కాగితం చేతిలో పెట్టుకుని తల్లి తిన్నగా నేలమాళిగకి దిగివచ్చింది. ఈసారి ఒక్కతే. మొహం జేవురించి ఉంది.

"మీ మిషన్ అబద్ధం చెప్పింది," అంది.

కదలకమ్మకి ఎక్కడో తగలకూడని చోట తగిలింది. ఎవరు ఏమన్నా పడుతుంది గాని, మిషన్‌ని అంటే పడదు. "నా మిషన్‌కి నోరు లేదమ్మా, అబద్ధం చెప్పడానికి. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. రా, నీ కళ్ళతో నువ్వే చూడు," అని విసురుగా కుర్చీ లాగి, సోమవారం నాటి బొమ్మ తెర మీదకి తెచ్చింది. ఇరవై రెండేళ్ళ తాళం అలా కోపంలో ఊడిపోయిందని ఆమె అప్పుడు గమనించనే లేదు.

"ఇది మీ అమ్మాయి కింది దవడ. ఇదిగో, ఈ చివర ఉన్నది జ్ఞానదంతం. దీని వేరు చూడు, కొస మూసుకుపోయింది. ఇంకేం చెప్పమంటావు?"

తల్లి తెర వైపు చూడలేదు. కదలకమ్మ కళ్ళలోకే చూసింది. "మా ఇంట్లో ఎవరికీ జ్ఞానదంతాలు రావు. మా అమ్మకి రాలేదు, నాకు రాలేదు. మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు, మీ వంశంలోనే జ్ఞానం లేదని. మా ఇంట్లో లేని పన్ను నా కూతురికి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

లేని పళ్ళు వంశంలో దిగుతాయి. ముక్కు దిగినట్టు, నడక దిగినట్టు. అది కదలకమ్మకి ఏ పుస్తకమూ చెప్పలేదు. తల్లుల బొమ్మలూ పిల్లల బొమ్మలూ పక్కపక్కన చూసీ చూసీ తెలిసింది.

"నోరు తెరువు," అంది.

టార్చి వేసి చూసింది. వెనక రెండే పెద్ద దవడపళ్ళు, ఆ వెనక నున్నటి చిగురు. నిజమే, జ్ఞానదంతం జాడ లేదు. కానీ వాటి ముందు, చిన్న దవడపన్నుకీ పెద్దవాటికీ మధ్య, ఒక సందు. ఇటు చూస్తే అటువైపు కూడా అదే చోట అలాంటి సందే.

"ఈ సందులేంటి? పళ్ళు పీకించుకున్నావా?"

"లేదు. అక్కడ ఇటొకటి అటొకటి చిన్న పళ్ళు ఉండేవి. చిన్నప్పటివే, ఎందుకో ఊడలేదు. పిల్ల పుట్టిన రెండేళ్ళకి వాటంతటవే ఊడిపోయాయి. మళ్ళీ ఏమీ రాలేదు."

కదలకమ్మ మెల్లగా తెర వైపు తిరిగింది. కోపం ఎటో పోయింది. చూపుడువేలు అద్దానికి ఆనించి, వెనకనుంచి కాదు, ముందునుంచి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, ముందు పళ్ళు. మూడు, కోర. నాలుగు, చిన్న దవడపన్ను. ఐదో చోట కూడా నాలుగోదాని లాంటిదే ఇంకో చిన్నది ఉండాలి, ఒంటి వేరుతో, బుద్ధిగా. వేలు అక్కడే ఆగిపోయింది.

అక్కడున్నది వెడల్పాటి పన్ను, చూడ్డానికి దవడపన్నులాగే ఉంది. కానీ పక్కవాటికంటే కొంచెం పొట్టి, కొంచెం కిందికి కుంగింది. వేళ్ళు రెండూ సన్నగా, పట్టకారు కాళ్ళలా ఎడంగా చాచుకుని ఉన్నాయి. ఆ కాళ్ళ మధ్య, కొత్త పన్ను మొలక ఉండాల్సిన చోట, ఉత్త ఎముక. ఇలాంటి పళ్ళని కదలకమ్మ కొన్ని వందలు చూసింది. కాకపోతే అన్నీ ఏడేళ్ళ పిల్లల నోళ్ళలో. గుమ్మం తగులుతుందని తల వంచుకుని వచ్చే పిల్ల నోట్లో పాలపన్ను ఉంటుందని ఎవరు వెతుకుతారు? వరసగా మూడు పెద్ద పళ్ళు కనిపిస్తే కన్ను మూడు దవడపళ్ళనే అంటుంది. ఆ మూడింట్లో మొదటిది రాలిపోవాల్సిన పాలపన్ను. అంటే ఆఖరిది ఎనిమిదోది కాదు, ఏడోది. ఏడోదాని వేరు పదహారేళ్ళకి మూసుకుంటే అందులో వింతేముంది? జ్ఞానదంతం ఈ పిల్లకి లేనే లేదు.

అటువైపు లెక్కపెట్టింది. అక్కడా అంతే.

"ఏమైంది?" అంది తల్లి.

"ఇదిగో, ఇది నీ కూతురికి రెండు మూడేళ్ళప్పుడు వచ్చిన పన్ను. నీకు ఊడినట్టే ఇదీ ఎప్పుడో ఊడుతుంది. దీన్ని దవడపన్ను కింద కలిపేసి లెక్కపెట్టారు."

"అంటే నేను చెప్పింది నిజమేనా?"

కదలకమ్మ అబద్ధం ఆడలేకపోయింది. "నిజమో కాదో ఈ బొమ్మ చెప్పలేదు. కానీ నువ్వు అబద్ధం చెప్పావని ఆ కాగితం మీద రాసింది చూశావూ, అది మాత్రం శుద్ధ తప్పు."

తల్లి కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. "పైన చెప్తారా మరి?"

పైన చెప్పడం. అదీ సంగతి. ఇరవై రెండేళ్ళలో కదలకమ్మ పైఅంతస్తుకి వెళ్ళింది సెలవు చీటీలు ఇవ్వడానికే. పెద్ద డాక్టరు అప్పటికే వెళ్ళిపోయాడు. ఇంటికి పోయాక ఆమె, రేపు ఆయన 'నువ్వెవరు చెప్పడానికి?' అంటే ఏమనాలో నాలుగు రకాలుగా అనుకుని చూసింది. నాలుగూ బాగాలేవు.

గురువారం పొద్దున బొమ్మ పట్టుకుని మెట్లెక్కింది. పెద్ద డాక్టరు చుట్టూ నలుగురు కుర్ర డాక్టర్లు నిలబడి ఉన్నారు. రెండో సంతకం గీకినవాడూ వాళ్ళలో ఉన్నాడు. ఒంటరిగా దొరికితే బాగుండుననుకుంది. కానీ శుక్రవారం ఐదింటి దాకా ఆయన ఒంటరిగా దొరుకుతాడన్న నమ్మకం ఏముంది?

"సార్, ఒక్క దవడలో పళ్ళు లెక్కపెట్టి పెట్టాలి."

ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఏమ్మా, ఇన్నేళ్ళకి లెక్కలు మర్చిపోయావా?"

"అవును సార్, మర్చిపోయాను. మీరు పైకి లెక్కపెడితే వింటాను. ముందునుంచి."

కుర్ర డాక్టర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన వేడుకగానే బొమ్మని వెలుతురు పెట్టెకి తగిలించి, ఒకటో తరగతి పంతులులా పెన్ను ఆనిస్తూ మొదలుపెట్టాడు. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐ..."

'దు' నోట్లోనే ఉండిపోయింది.

గదిలో ఎవరూ కదల్లేదు. కదలొద్దని ఎవరూ చెప్పకుండానే. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, ముక్కు బొమ్మకి తగిలేంత దగ్గరికి వెళ్ళాడు. అటువైపు లెక్కపెట్టాడు. పై దవడ కూడా, మసకగా ఉన్నా సరే, కళ్ళు చికిలించి మరీ లెక్కపెట్టాడు.

"పాలపన్ను," అన్నాడు చివరికి. "ఎవరు చూశారు ఇది?"

"టెక్నీషియన్‌గారు సార్," అన్నాడు రెండో సంతకంవాడు, తన పీకల మీదికి రాకుండా.

"ఆఖరి పన్ను అంటే జ్ఞానదంతమేనని నాకెవడు చెప్పాడయ్యా?"

"మీరే సార్, మాకు చెప్పారు."

ఇంకొకడైతే ఆ మాటకి అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. పెద్ద డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, తన నెత్తి మీద తనే ఒక మొట్టికాయ వేసుకున్నాడు, చప్పుడయ్యేలా. "నేను వయసు తేల్చిన కుర్రవాళ్ళ బొమ్మలన్నీ బయటికి తీయండి. ఒక్కటి వదలకుండా ముందునుంచి లెక్కపెడతాం. ఆమె కూడా మనతో కూర్చుంటుంది." తర్వాత కదలకమ్మ వైపు తిరిగి, "కూర్చుంటావా అమ్మా?" అని అడిగాడు. ఆ గదిలో ఆమెని కూర్చోమనడం అదే మొదటిసారి. కదలకమ్మ కూర్చుంది.

కొత్త కాగితం అప్పటికప్పుడు రాశాడు. కానీ పాత కాగితం నకలు ముందే సంఘానికి వెళ్ళిపోయింది. పోస్టులో పడేస్తే ఇది సోమవారానికి గాని చేరదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఆయన రోగులని చిన్న డాక్టరుకి అప్పగించి, తన కారులో కదలకమ్మని, తల్లిని, పిల్లని ఎక్కించుకుని సంఘం ఆఫీసుకి బయల్దేరాడు. పిల్ల వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది.

సంఘం కార్యదర్శి బల్ల మీద జాబితా, పక్కన గోడగడియారం నాలుగుంబావు చూపిస్తోంది. అర్జీ పెట్టిన శిక్షకుడు కూడా అక్కడే ఉన్నాడు, తన పిల్లల నంబర్లు తీసుకోవడానికి. విషయం విని పెదవి విరిచాడు. "బాగుంది. సోమవారం ఉన్న పన్ను శుక్రవారానికి మాయమైందా?"

"సోమవారం కూడా లేదు," అన్నాడు పెద్ద డాక్టరు. "నేను తప్పు లెక్కపెట్టాను."

ఈ మాట ఆయన గొంతు తగ్గించి అనలేదు. కిటికీ అవతల వరసలో నిలబడ్డ పిల్లలకి కూడా వినపడింది. కదలకమ్మకి ఆయన మీద ఉన్న గౌరవం ఆ ఒక్క మాటతో రెండింతలైంది. తప్పు చేసినవాళ్ళు చాలామందే ఉంటారు, నలుగురిలో నిలబడి ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది?

కార్యదర్శి పెద్దాయన. కాగితం రెండుసార్లు చదివి బుర్ర గోక్కున్నాడు. "నాకు ఈ వేళ్ళూ కొసలూ అర్థం కావు డాక్టరుగారూ. కళ్ళకి కనపడేదేదైనా ఉంటే చూపించండి."

"దానికేం భాగ్యం? నోరు తెరువమ్మా."

పిల్ల కిటికీ దగ్గర నిలబడి, కార్యదర్శికి అందేలా కొంచెం వంగి, నోరు తెరిచింది. కదలకమ్మ టార్చి పట్టుకుంది. కార్యదర్శి పెన్సిలు తిప్పి పట్టుకుని, దూరంనుంచే గాల్లో లెక్కపెట్టాడు. "నాలుగు... ఇదేంటి, ఇది వెడల్పుగా, పొట్టిగా ఉంది?"

"పాలపన్ను. కిందినుంచి తోసే కొత్త పన్ను లేదు కాబట్టి ఊడలేదు. దాన్ని కలుపుకుంటేనే మూడయ్యాయి. తీసేస్తే రెండే. ఆఖరిది రావాల్సి ఉంది, రాలేదు, రాదు కూడా. వాళ్ళమ్మకీ లేదు. జ్ఞానదంతం లేనప్పుడు పన్ను ఏ సాక్ష్యమూ చెప్పలేదు," అన్నాడు పెద్ద డాక్టరు.

కార్యదర్శి శిక్షకుణ్ణి పిలిచాడు. "మీరూ చూడండి." అతను చూశాడు. చూసి, ఇంకోసారి చూశాడు. కిటికీ అవతల ఎవరో కిసుక్కుమన్నారు, అది గది నిండా పాకింది. పిల్ల చెవుల దాకా ఎర్రబడిపోయింది. శిక్షకుడు వెనక్కి జరిగి, "పాలపళ్ళు కూడా ఊడకుండానే నా పిల్లల్ని ఓడించిందన్నమాట," అన్నాడు. అందులో కొంచెం అక్కసు, కొంచెం మెచ్చుకోలు. ఎంత దాచుకున్నా రెండోదే ఎక్కువ కనపడింది.

పన్ను ఏమీ చెప్పలేకపోతే చేతిలో ఉన్న కాగితమే చెల్లుతుందని సంఘం నియమం. కార్యదర్శి జాబితా తన వైపు లాక్కుని, తల్లి వైపు చూశాడు. "పుట్టినతేదీ ఇంకోసారి చెప్పండమ్మా."

తల్లి చెప్పింది. తేదీ ఒక్కటే కాదు. బుధవారమనీ, పొద్దున తొమ్మిదీ పదికనీ, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానో లేదో అని నొప్పుల్లో కూడా అదే ధ్యాసనీ, చివరికి తీసే ఉందని ఇంటికి తిరిగొచ్చాక తెలిసిందనీ అన్నీ చెప్పింది. కార్యదర్శి ఒక్క ముక్కకీ అడ్డు రాలేదు. తేదీ మాత్రం రాసుకుని, నాలుగూ ముప్పావుకి జాబితాలో పిల్ల పేరు ఖాయం చేశాడు.

శనివారం కదలకమ్మ ఎక్స్‌రే గదికి సెలవు పెట్టింది. మిషన్ కొన్న తర్వాత అది మూడో సెలవో నాలుగోదో. మైదానంలో తల్లి పక్కన బల్ల మీద కూర్చుంది. తల్లి చేతిసంచి పట్టీని మెలిపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మెలిపెడుతూ ఉంది.

ఐదు కిలోమీటర్లు, పన్నెండున్నర చుట్లు. గీత దగ్గర నిలబడ్డ పన్నెండుమందిలో ఆ పిల్ల తల అందరికంటే పైన కనిపించింది. జనంలో వెతికి వెతికి కదలకమ్మని కళ్ళతో పట్టుకుంది. పెదవులు కదిలాయి. అంత దూరంనుంచి వినపడలేదు గాని, ఆ మాట ఏదో కదలకమ్మకి తెలుసు. కదలొచ్చా?

కదలకమ్మ లేచి నిలబడి చెయ్యి ఊపింది. పొమ్మన్నట్టు.

మొదటి ఆరు చుట్లూ పిల్ల నాలుగో స్థానంలోనే ఉంది. శిక్షకుడి పిల్లలిద్దరూ ముందు. అంచుల్లో నిలబడ్డ న్యాయనిర్ణేతలు నడుములు వంచి పాదాలకేసే చూస్తున్నారు. ఏడో చుట్టులో ఒకాయన ఆ పిల్ల నంబరు రాసుకున్నాడు. బోర్డు మీద ఆ నంబరు ఎదురుగా ఎర్రచుక్క పడింది. మూడు పడితే బయటికే. తల్లి కళ్ళు మూసేసుకుంది.

"తెరువు," అంది కదలకమ్మ. "కూర ఒలకదులే."

ఒలకలేదు. ఎనిమిదో చుట్టునుంచి ఆ పిల్ల భుజాలు కదలడం మానేశాయి. పైనంతా అన్నం డబ్బా మోస్తున్నంత నిలకడ, కిందంతా కుట్టుమిషన్ సూదుల్లా కాళ్ళు. ఒకదాన్ని దాటింది. పదో చుట్టులో ఇంకోదాన్ని. న్యాయనిర్ణేతలు మళ్ళీ మళ్ళీ వంగి చూశారు, రాసుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆఖరి చుట్టు గంట మోగేటప్పటికి ముందు ఎవరూ లేరు. నలభై అడుగుల తేడాతో గీత దాటింది. దాటాక కూడా ఆగలేదు, ఇంకో ఇరవై అడుగులు అలాగే నడుచుకుంటూ పోయింది, పరిగెత్తితే ఏదో ఒలికిపోతుందన్నట్టు.

మైకు గరగరమంది. నంబరు చెప్పారు. పేరు చెప్పారు. మొదటి స్థానం అన్నారు. ఆ తర్వాత ప్రతి విజేతకీ చెప్పినట్టే, మామూలు గొంతుతో, వయసు కూడా చెప్పారు. "వయసు పదహారు సంవత్సరాల నాలుగు నెలలు."

అంతమంది చెవుల్లో పడేలా మైకులో చెప్పారు. తల్లి చేతిసంచి వదిలేసింది. అవతల పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి వైపు తిరిగి, "నేను కన్నాను. నాకు తెలియదా?" అంది. పాపం ఆ మనిషి ఏమీ అడగలేదు. అయినా ఆమె ఏడుస్తుంటే చూసి, అర్థమైనట్టే తలూపి, తన మంచినీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టాడు.

పిల్ల అప్పుడు వాళ్ళ వైపు తిరిగి నవ్వింది. కదలకమ్మ జీవితమంతా నోళ్ళే చూసింది గాని, పుల్ల కరిచిపట్టుకున్న నోళ్ళే చూసింది. ఇలా నవ్వే నోరు ఆమె గదిలోకి ఎప్పుడూ రాలేదు. ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వింది అని అనాలనే ఉంది గాని, ఆ పిల్లకి ఉన్నవి ఇరవై ఎనిమిదే. కదలకమ్మ వాటిని ముందునుంచి లెక్కపెట్టింది. ఐదోదాని దగ్గర కాసేపు ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.